పదకొండో నిమిషం తర్వాత

మా అత్తయ్య గడప దాటేముందు స్టవ్ దగ్గరికి మూడుసార్లు వెళ్ళొచ్చేవారు. ఒకసారి మామూలుగా చూసి రావడం. చెప్పులేసుకున్నాక గుర్తొచ్చినట్టు మళ్ళీ వెళ్ళడం. వీధి మలుపు దాకా నడిచాక "ఒక్క నిమిషం ఉండమ్మాయ్" అని వెనక్కి తిరగడం. ఆ మూడోసారి నాబ్‌ని చేత్తో తిప్పి చూసి, సిలిండర్ దగ్గర వంగి చూసి, అప్పుడు తాళం వెయ్యనిచ్చేవారు. "స్టవ్ ఇన్‌స్పెక్టర్‌గారి డ్యూటీ అయిందా?" అని మావారు వేళాకోళం చేసేవారు. ఆవిడా నవ్వేవారు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో నేనూ చాలాసార్లు నవ్వాను. పెద్దవాళ్ళన్నాక ఏదో ఒక చాదస్తం ఉంటుంది కదా అనుకున్నాను. ఆవిడ పోయి నాలుగు నెలలైంది. ఇప్పుడు ఆ మూడుసార్లు నేను తిరుగుతున్నాను.

నేను పీజీలో చేరింది నలభై రెండో ఏట, మా అమ్మాయి కాలేజీ హాస్టల్‌కి వెళ్ళిపోయాక. "ఖాళీగా ఏం కూర్చుంటావు, చదువుకో" అని ఆయనే అన్నారు. ఆ మాట చుట్టాలందరికీ చెప్పుకుంటారు కూడా. "మా ఆవిణ్ణి నేనే చదివిస్తున్నాను." ఐదింటికి లేచి రెండు పూటలకీ వండి, ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసి, అత్తయ్య మాత్రలు డబ్బీలో సర్ది, బస్సు కోసం పరిగెత్తేటప్పుడు నన్నెవరు చదివిస్తున్నారో నాకు తెలుసు. కానీ నేనెప్పుడూ పైకి అనలేదు.

థీసిస్‌కి నేను మొదట ఎంచుకున్న అంశం వేరు. ఇంట్లోనే కూర్చుని కంపెనీలకి బట్టలు కుట్టిపెట్టే ఆడవాళ్ళ గురించి రాయాలనుకున్నాను. వాళ్ళుండే ఊరు బస్సులో ఆరు గంటల దూరం. అక్కడ గది తీసుకుని నాలుగు నెలలుండాలి. ఆ సంగతి భోజనాల దగ్గర ఎత్తాను. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నాలుగు నెలలా? చదువుకుంటానంటే వద్దన్నానా నేను? దేనికైనా ఒక హద్దుండాలి." ఆయన ఒక్కరే అయితే నేను ఇంకో మాట అనేదాన్నేమో. కానీ అత్తయ్య మంచినీళ్ళ చెంబు కింద పెడుతూ, నా వైపు చూడకుండా, "మరి ఇల్లెవరు చూస్తారమ్మా?" అన్నారు. ఆ మాటతో నాకు ఆకలి చచ్చిపోయింది. లేచి చెయ్యి కడుక్కున్నాను, అందరి కంచాలూ తీశాను, మర్నాడు వెళ్ళి అంశం మార్చుకున్నాను.

కొత్త అంశానికి ఊరు దాటక్కర్లేదు, వీధి కూడా దాటక్కర్లేదు. ఇంటిపని చేసే ఆడవాళ్ళు తమ రోజు గురించి తాము ఏం చెప్పుకుంటారన్నది అంశం. మేముండే అపార్ట్‌మెంట్లోనే ఎనిమిది మంది దొరికారు. ఎనిమిది మందీ అంగీకార పత్రం మీద సంతకం పెట్టారు, టీ ఇచ్చారు, ఒకటే మాట చెప్పారు. "ఏముందండీ చెప్పడానికి, ఇంట్లోనే ఉంటాంగా." మా ప్రొఫెసర్ మేడమ్ ఆ కాగితాలన్నీ చదివి, పెన్ను మూత బిగించి, "పల్చగా ఉందమ్మా" అన్నారు. ఇంటికొచ్చేదాకా ఆపుకుని, బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

అప్పుడే ఆ ట్రయల్ గుర్తొచ్చింది. మా డిపార్ట్‌మెంట్లో ఒక నియమం ఉంది. కొత్త రికార్డర్ కొంటే ఫీల్డ్‌కి తీసుకెళ్ళేముందు ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడించి చూసుకోవాలి. ఆ ట్రయల్లో ఎంత గొప్ప మాట వచ్చినా వాడుకోకూడదు, చెరిపెయ్యాలి. మిషన్ పనిచేస్తోందో లేదో చూడ్డానికి కూర్చున్న మనిషి ఇంటర్వ్యూకి ఒప్పుకున్నట్టు కాదని మేడమ్ మొదటి వారంలోనే చెబుతారు. నేను నా ట్రయల్ మా అత్తయ్యతో తీశాను. అంశం మార్చుకున్న వారానికి, ఒక ఉదయం, వంటింటి బల్ల దగ్గర ఆవిడ బఠాణీలు ఒలుస్తుంటే రికార్డర్ పక్కన పెట్టాను.

"ఏదో ఒకటి మాట్లాడండత్తయ్యా."

"నాకేం మాటలొచ్చు?"

"ఆ స్టవ్ సంగతి చెప్పండి. ఎందుకన్నిసార్లు చూస్తారు?"

నేను సరదాకే అడిగాను. ఆవిడ గుమ్మం వైపు ఒకసారి చూసి, కాయలు ఒలవడం ఆపకుండానే చెప్పారు. "వాడికి నాలుగేళ్ళప్పుడు నాకు టీచరు ట్రైనింగ్‌లో సీటొచ్చింది, వేరే ఊళ్ళో. ఉత్తరం తెచ్చి మీ మామయ్యకిచ్చాను. చదివారు. చదివి బల్ల మీద పెట్టి, దాని మీద వేడి గిన్నె పెట్టారు, బల్ల పాడవకుండా. కోపంగా కాదమ్మాయ్, మామూలుగానే పెట్టారు. గిన్నె తీస్తే కాగితం మీద గుండ్రంగా మచ్చ. మర్నాడు ఎవరూ లేవకముందే పాలు కాచి, రెండు జతల బట్టలు సంచీలో కుక్కుకుని, ఆ కాగితం పట్టుకుని బస్టాండుకి వెళ్ళిపోయాను. బస్సొచ్చింది. ఒక కాలు మెట్టు మీద పెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది, పాలగిన్నె కింద స్టవ్ ఆపానా లేదా అని. పిల్లాడు లోపల నిద్రపోతున్నాడు. ఎలా పరిగెత్తానో నాకే తెలీదు. వచ్చి చూస్తే ఆపేసే ఉంది. నేనే ఆపాను. పాలు చల్లారి మీగడ కట్టాయి. ఇంట్లో ఎవరూ లేవలేదింకా. నేను వెళ్ళానని ఎవరికీ తెలీదు. తిరిగొచ్చానని ఎవరికీ తెలీదు."

ఆవిడ చెయ్యి పట్టుకోవాలనిపించింది. అంతలో పడగ్గదిలోంచి కేక. "నా నీలం సాక్సులెక్కడ చచ్చాయి?" వెళ్ళాను. సాక్సుల తర్వాత బెల్టు, బెల్టు తర్వాత చొక్కాకి గుండీ. ఆయన్ని ఆఫీసుకి పంపి వచ్చేసరికి అత్తయ్య స్నానానికి వెళ్ళిపోయారు. రికార్డర్ ఇంకా తిరుగుతూనే ఉంది. ఆపి చూస్తే నలభై ఒక్క నిమిషాలు.

చెరపలేదు. మేడమ్ 'పల్చగా ఉంది' అన్న మర్నాడు ఆ ఫైలు తెరిచి, ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని టైపు చేశాను. పదకొండో నిమిషంలో "తిరిగొచ్చానని ఎవరికీ తెలీదు" దగ్గర నాకు కావలసింది అయిపోయింది. తర్వాత ఆయన కేక, కుళాయి చప్పుడు. ఆపేశాను. ఆ పేజీల పైన 'తొమ్మిదో నంబర్' అని రాశాను. మేడమ్ చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నీ థీసిస్ ఇదేనమ్మా. మళ్ళీ ఫీల్డ్‌కి వెళ్ళక్కర్లేదు." ఆ వారమంతా నేను గాల్లో తేలాను.

ఆ తర్వాత ఒకరోజు డాబా మీద బట్టలారేస్తూ అత్తయ్య అడిగారు. "ఆ మిషన్లో నా మాటలు విన్నావా?"

"విన్నానత్తయ్యా. చాలా బాగా వచ్చింది."

"మొత్తం విన్నావా?"

"మొత్తం."

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసి, "సరేలే" అని తువ్వాలుకి క్లిప్పు పెట్టారు. ఇంకో నెలకి కాబోలు, ఏ సందర్భమూ లేకుండా, "విన్నానన్నావుగా" అన్నారు. అన్నానత్తయ్యా అన్నాను. మళ్ళీ అడగలేదు. రికార్డింగ్ తీసిన ఎనిమిది నెలలకి, ఒక ఉదయం గుండెనొప్పి అని కూలబడ్డారు. స్ట్రెచర్ మీద పడుకోబెడుతుంటే ఆవిడ కళ్ళు వంటింటి వైపే ఉన్నాయి. "ఆపేశానత్తయ్యా" అన్నాను. ఆస్పత్రి గుమ్మం దాకా కూడా బతకలేదు. మావారు నిజంగానే ఏడ్చారు, నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. అది కూడా చెప్పాలి కదా.

శుక్రవారం మధ్యాహ్నాలు మా బ్యాచ్ అంతా ఒక బల్ల చుట్టూ కూర్చుని ఎవరి ఫీల్డ్ నోట్సు వాళ్ళు చదివి వినిపిస్తాం. మేడమ్ పెట్టిన పద్ధతి ప్రకారం ఒక కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. దాని మీద సంచి కూడా పెట్టకూడదు. ఎవరి మాటలు చదువుతున్నామో ఆ మనిషి అందులో కూర్చున్నట్టు, అటే చూస్తూ చదవాలి. కొత్తవాళ్ళు మొదటి శుక్రవారం నవ్వుతారు, రెండో శుక్రవారానికి నవ్వరు. నా వంతు వచ్చిన రోజు తొమ్మిదో నంబర్ చదివాను. చదవడం అయ్యాక ఒకమ్మాయి ముక్కు చీదింది. అందరిలోకీ చిన్నది, ప్రతిదానికీ అడ్డు ప్రశ్నలేస్తుందని మేము గడుగ్గాయి అని పిలిచే పిల్ల మాత్రం నన్నే చూస్తోంది.

"అక్కా, నువ్వు కుర్చీ వైపు చూడలేదు."

"చూశాను."

"లేదక్కా. ఒక్కసారి కూడా చూడలేదు. ఆవిడ సంతకం పెట్టిన తేదీ ఎంత?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ ఆ కుర్చీ అక్కడే ఉంది. "తేదీ లేదు. పత్రమే లేదు. ఆవిడ మా అత్తగారు. ఇది ట్రయల్లో వచ్చింది. ఇప్పుడావిడ లేరు" అన్నాను. మేడమ్ కళ్ళు మూసుకున్నారు. సర్వేలు తప్ప ఇంకోటి నమ్మని కుర్రాడొకడు మా బ్యాచ్‌లో ఉన్నాడు, పేరు కూడా సర్వేశ్వరుడనే పెట్టేశాం. అతను నా తరఫున లేచాడు. "పోయినావిడకి కొత్తగా వచ్చే నష్టమేంటి? పేరు లేదు, ఊరు లేదు. ఇలాంటి మాట బయటికి రాకపోతే మనం చదువులు చదివి ఎందుకు?"

"ఆవిడ లోకానికి చెప్పలేదన్నా. కోడలికి చెప్పుకుంది. పీజీ స్టూడెంటుకి కాదు" అంది గడుగ్గాయి.

"ఇద్దరూ ఒకరేగా?"

ఆ పిల్ల నా వైపు తిరిగింది. "ఒకరేనా అక్కా?" నేను పేజీలు మడిచి సంచీలో పెట్టుకున్నాను.

విషయం పరిశోధనల్లో తప్పొప్పులు చూసే ఎథిక్స్ కమిటీకి వెళ్ళింది. రెండు వారాలకి ఉత్తరం వచ్చింది. చనిపోయిన వ్యక్తి తరఫున వారసుడు సంతకం పెడితే చాలు, రికార్డింగ్ మొత్తం అక్షరం పోకుండా టైపు చేసి జత చెయ్యాలి, అంతే. వారసుడంటే కొడుకు. ఇరవై ఏళ్ళు ఒకే బల్ల దగ్గర ఆవిడతో కలిసి కూరలు తరిగిన నేను కాదు. మేడమ్‌కి ఆ ఉత్తరం నచ్చలేదని తెలుస్తూనే ఉంది. "నీ ఇష్టమమ్మా. ఆ అధ్యాయం తీసేస్తే మాత్రం మళ్ళీ ఫీల్డ్‌కి వెళ్ళక తప్పదు" అన్నారు.

పత్రం, టైపు చేసిన పేజీలు, రికార్డర్ పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను. నిద్రపోతున్న తనని వదిలి అమ్మ బస్టాండు దాకా వెళ్ళిందని వింటే ఏమైపోతారో అని భయం. ఏడిస్తే ఎలా ఓదార్చాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

"అత్తయ్య మాట్లాడింది రికార్డు చేశానండీ. వింటారా? మీ సంతకం కావాలి."

ఆయన ఫోన్లోంచి తలెత్తారు. "అమ్మదా? ఏం మాట్లాడింది, వంటల గురించా?"

"కాదు. తన గురించి."

"తన గురించి ఏముంటుంది పాపం, ఎప్పుడూ ఇంట్లోనేగా ఉండేది" అని, "ఎక్కడ పెట్టాలి?" అని అడిగి, నేను చూపించిన చోట గీకేశారు. పెన్ను తిరిగిచ్చి, "కాస్త టీ పెడతావా" అన్నారు. టీ పెట్టాను. ఆ మరుగుతున్న నీళ్ళు చూస్తూ నిలబడితే, ఆవిడ కోసం నాకు కడుపు తరుక్కుపోయింది. నలభై ఏళ్ళ కిందట ఆవిడ మొగుడు కనీసం ఆ సీటు కాగితం చదివాడు.

మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్ళాక, వంటింటి బల్ల దగ్గరే కూర్చుని మిగతా ముప్ఫై నిమిషాలు టైపు చెయ్యడానికి పెట్టుకున్నాను. సాక్సుల కేక. నా అడుగులు. కుళాయి. గిన్నెలో బఠాణీలు పడుతున్న చప్పుడు. అవన్నీ ఒక్కొక్క లైనుగా కొడుతున్నాను. పద్నాలుగో నిమిషంలో అత్తయ్య గొంతు వినపడి ఉలిక్కిపడ్డాను.

"వాడి సాక్సులు వాడికి కనపడితే ఒట్టు." చిన్న నవ్వు. "ఎర్ర లైటు ఇంకా వెలుగుతోందే. వింటున్నావా మిషనూ? సరే. అమ్మాయ్, మొహం మీద చెప్పలేక ఇలా చెబుతున్నా. ఇందాకటి మాట నీకు చెప్పాను, నీ కాగితాలకి కాదు. నీకు తెలియాలని. ఆ రోజు ఇల్లెవరు చూస్తారని అన్నది నేనే కదా. వాడు కూడా అంత మాట అనలేదు. అది మా అత్తగారి మాటమ్మాయ్, నా నోట్లోకి ఎప్పుడొచ్చిందో తెలీదు. నువ్వు అన్నం వదిలేసి లేచిపోయావు. ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు."

మళ్ళీ గిన్నె చప్పుడు. చాలాసేపు ఏమీ లేదు. నేను వేళ్ళు కీబోర్డు మీద పెట్టుకుని కూర్చున్నాను.

"ఇల్లు నేను చూస్తా. నాకేం, ఒంట్లో బానే ఉంది. నువ్వెళ్ళు. మళ్ళీ అడక్కు. అడిగితే ఏదో ఒకటంటారు, నేనే అంటానేమో. చెప్పేసి వెళ్ళు. మెట్టెక్కాక వెనక్కి మాత్రం చూడకమ్మాయ్. స్టవ్ నేను ఆపేస్తా."

ఆ తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు. మిగిలిందంతా ఖాళీ గది.

ఎనిమిది నెలలు. నేను విన్నానని చెప్పాను. మొత్తం విన్నానని చెప్పాను. విని కూడా కదల్లేదని ఆవిడ అనుకున్నారు. ఆ ఎనిమిది నెలల్లోనే ఒకసారి వాషింగ్ మిషన్ ఎలా వెయ్యాలో నేర్పమన్నారు. ఆయన లంచ్ బాక్సు మూత ఎటు తిప్పితే బిగుస్తుందని అడిగారు. గ్యాస్ బుక్ చేసే నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించమన్నారు. "ఇప్పుడివన్నీ మీకెందుకత్తయ్యా" అని నవ్వేశాను. నేను బయల్దేరతానని ఆవిడ సిద్ధమవుతుంటే నవ్వాను. ఆ బల్ల మీద తల పెట్టుకుని, ఆవిడ పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చాను. ఆ ఇంట్లో అందరూ ఆవిడ దగ్గర తమకి కావలసింది తీసుకుని లేచి వెళ్ళిపోయేవారని నా థీసిస్‌లో రాశాను. నేను తీసుకున్నది పదకొండు నిమిషాలు.

ఆ శుక్రవారం వారసుడి సంతకం ఉన్న పత్రం మేడమ్ ముందు పెట్టి, తొమ్మిదో నంబర్ తీసేస్తున్నానని చెప్పాను.

"అన్నీ సరిపోయాక ఇప్పుడెందుకు?" అన్నాడు సర్వేశ్వరుడు.

"ఆవిడ ఒప్పుకోలేదు. కాగితాలకి కాదని చెప్పారు."

"ఎప్పుడు చెప్పారక్కా?" అంది గడుగ్గాయి మెల్లగా.

"పోయినేడే చెప్పారు. నేను మొన్న విన్నాను."

మేడమ్ పత్రం పక్కకి జరిపారు. "అయితే ఆ కుట్టుపని ఊరు వెళ్తావా? నాలుగు నెలలు" అని అడిగారు. వెళ్తానన్నాను. ఆ రోజు చదవడానికి నా దగ్గర పేజీ ఏమీ లేదు. అయినా నా వంతు వచ్చినప్పుడు కుర్చీ వైపు తిరిగాను. కళ్ళెత్తి సూటిగా చూశాను. "ఇప్పుడు విన్నానత్తయ్యా, మొత్తం" అన్నాను. గడుగ్గాయి వచ్చి నా భుజం పట్టుకుంది.

ఇంటికొచ్చి ఆయనకి చెప్పాను. అడగలేదు, సోమవారం వెళ్తున్నానని చెప్పాను. ఆయన అరవలేదు. నిజంగానే అర్థం కానట్టు, "మరి ఇల్లెవరు చూస్తారు?" అన్నారు. "మీరున్నారుగా" అన్నాను. గ్యాస్ నంబరు ఫ్రిజ్ మీద ఉందని చూపించాను. పెద్ద అక్షరాల్లోనే ఉంది.

సోమవారం తెల్లవారుజామున ఆయన లేవకముందే టీ పెట్టుకుని తాగి, పెట్టె పట్టుకుని బస్టాండుకి నడిచాను. బస్సొచ్చింది. ఒక కాలు మెట్టు మీద పెట్టాను. టీగిన్నె కింద స్టవ్ ఆపానా? ఎంత తలబద్దలు కొట్టుకున్నా గుర్తు రాలేదు. నాబ్ మీద నా చెయ్యి కళ్ళముందుకి రావడం లేదు. నా వెనక నలుగురు ఆగిపోయారు.

"ఎక్కుతారా, దిగుతారా అమ్మా?" అన్నాడు కండక్టర్. "ఏమైనా మర్చిపోయారా?"

"స్టవ్" అన్నాను. "పర్లేదు. మా అత్తయ్య ఆపేస్తారు."

రెండో కాలు కూడా పైన పెట్టాను.